విమానం ఎగిరింది, గింజ చాల్లేదు: మొక్కల నూనె నుంచి జెట్ ఇంధనం, ఒక కేస్ స్టడీ

2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ వారి క్యూ400 విమానం ఒకటి ఎగిరింది. దాని రెండు ఇంజన్లలో ఒకదానికి అందిన ఇంధనంలో 25 శాతం జట్రోఫా గింజల నూనెతో చేసింది, మిగతా 75 శాతం మామూలు విమాన ఇంధనం (ఏటీఎఫ్). మన పల్లెల్లో అడవి ఆముదం అనేది ఈ జట్రోఫానే. ఇంధనం తయారుచేసింది డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ (సీఎస్ఐఆర్-ఐఐపీ). గింజలు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చాయి, సుమారు 500 రైతు కుటుంబాల నుంచి.

అదే ఏడాది డిసెంబరు 17న వాయుసేన ఏఎన్-32 విమానం బయోజెట్ కలిపిన ఇంధనంతో చండీగఢ్‌లో ఎగిరింది. 2019 గణతంత్ర దినోత్సవాన రాజ్‌పథ్ మీదుగా, 2020 జనవరి 31న లేహ్ నుంచి కూడా ఎగిరింది. జనవరిలో లేహ్ అంటే ఎత్తూ చలీ రెండూ పరీక్ష పెట్టే చోటు. అక్కడా ఇంధనం గట్టెక్కింది.

నేను ఆ బృందంలో లేను. అదే రసాయనంతో వేరే చోట పైలట్ ప్లాంటు మీద, అంటే చిన్న ప్రయోగ యూనిట్ మీద పనిచేస్తున్నవాణ్ణి. మొక్కల నూనెలనూ, హోటళ్లలో వాడేసిన నూనెలనూ హైడ్రోజన్‌తో కలిపి రియాక్టర్‌లోకి పంపడం నా పని. అందుకే ఈ కేసు నన్ను వదలదు. పెట్టిన ప్రతి పరీక్షలోనూ ఇంధనం నెగ్గింది. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా జట్రోఫా ఇంధనం ఏ విమానాశ్రయంలోనూ రోజువారీ సరుకు కాలేదు. ఎందుకు కాలేదో నా వైపు నుంచి రాస్తున్నాను.

రియాక్టర్‌లో జరిగేది

నూనె అణువు అంటే ఒక గ్లిజరాల్ ముక్క, దానికి వేలాడే మూడు పొడవాటి కొవ్వు ఆమ్ల గొలుసులు. బరువులో దాదాపు 11 శాతం ఆక్సిజన్ ఉంటుంది. జెట్ ఇంధనంలో ఆ ఆక్సిజన్ ఉండకూడదు. మండినప్పుడు దానివల్ల శక్తి రాదు, పైగా నీటిని పీలుస్తుంది, వేడికి జిగురు కడుతుంది. బయోడీజిల్‌లో ఆక్సిజన్ అలాగే ఉండిపోతుంది. అందుకే బయోడీజిల్‌ను విమానంలో పోయరు. జెట్ ఇంధనంలో అది పొరపాటున కలిసినా కిలోకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన.

ఆ ఆక్సిజన్‌ను తీసే దారులు రెండు. హైడ్రోజన్ ఇచ్చి నీటి రూపంలో తీయవచ్చు, లేదా ఒక కార్బన్‌ను వదులుకుని కార్బన్ డయాక్సైడ్ రూపంలో తీయవచ్చు. ఓలియిక్ ఆమ్లం నిండిన నూనె ఒక టన్ను తీసుకుని కాగితం మీద లెక్క వేద్దాం. మొదటి దారిలో 34 కిలోల హైడ్రోజన్ ఖర్చయి, 18 కార్బన్ల తిన్నని గొలుసు 860 కిలోల పైచిలుకు వస్తుంది. రెండో దారిలో హైడ్రోజన్ 14 కిలోలు చాలు, కానీ 17 కార్బన్ల గొలుసు 815 కిలోలకే పరిమితం. ఎటు వెళ్లినా గ్లిజరాల్ ముక్క ప్రొపేన్‌గా మారి 50 కిలోల దాకా గ్యాస్ వైపు పోతుంది. అసలు రియాక్టర్‌లో రెండు దారులూ కలిసే నడుస్తాయి. ఏది ఎంత అన్నది క్యాటలిస్టు (చర్యను నడిపించే ఉత్ప్రేరకం), ఒత్తిడి, ఉష్ణోగ్రత తేలుస్తాయి. హైడ్రోజన్ సహజవాయువు నుంచి వస్తుంటే ఆ 34కూ 14కూ ఉన్న తేడా ఖర్చులోనూ కార్బన్ లెక్కలోనూ కనిపిస్తుంది.

ఈ చర్య వేడిని విడుదల చేస్తుంది. నూనెలోని జంట బంధాలు ముందుగా, క్యాటలిస్టు గుళికలు నింపిన బెడ్ పైభాగంలోనే హైడ్రోజన్‌ను లాగేసుకుంటాయి. తాజా నూనెను నేరుగా పంపితే పైనున్న థర్మోకపుల్ చూపే ఉష్ణోగ్రత చూస్తుండగానే ఎగబాకుతుంది. అందుకని తయారైన ద్రవాన్నే కొంత వెనక్కి తెచ్చి ఫీడ్‌లో, అంటే లోపలికి వెళ్లే నూనెలో కలిపి వేడిని అదుపులో ఉంచుతాం. దీనికి పంపు కావాలి, పెద్ద రియాక్టర్ కావాలి. మొక్కల నూనె యూనిట్ల పెట్టుబడి పెరగడానికి ఇదొక కారణం.

ఇంతా చేస్తే చేతికొచ్చేది ఇంకా జెట్ ఇంధనం కాదు. 18 కార్బన్ల తిన్నని గొలుసు 28 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది, చలికాలంలో కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టు. జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకూడదు. అంటే తిన్నని గొలుసుకు కొమ్మలు పెట్టాలి. ప్లాటినం ఉన్న జియోలైట్ తరహా క్యాటలిస్టులు ఆ పని చేస్తాయి. పొడవు కూడా తగ్గించాలి, ఎందుకంటే జెట్ ఇంధనానికి పనికొచ్చేవి సుమారు 8 నుంచి 16 కార్బన్ల అణువులు. 18ని తుంచితే ప్రతి తుంపూ మనం కోరిన చోటే పడదు. కొంత పెట్రోల్ లాంటి తేలిక ద్రవం (నాఫ్తా) అవుతుంది, కొంత ఎల్పీజీ అవుతుంది. జెట్ ఎక్కువ కావాలని గట్టిగా తుంచితే మొత్తం ద్రవం తగ్గుతుంది.

ప్లాంటు యజమాని ముందు ఎప్పుడూ ఉండే ప్రశ్న ఇదే. అదే నూనెను డీజిల్‌గా ఆపేస్తే తుంచే పని తక్కువ, హైడ్రోజన్ తక్కువ, దిగుబడి ఎక్కువ. చట్టం గానీ ధర గానీ జెట్ వైపు నెట్టకపోతే యూనిట్ డీజిల్ వైపే ఒరుగుతుంది. ఐరోపాలో విమాన ఇంధనంలో ఇలాంటి పచ్చ ఇంధనాన్ని 2025 నుంచి 2 శాతం, 2030కి 6 శాతం కలపాలని చట్టం చేయడం వెనుక ఈ కారణం ఉంది. మన దేశం అంతర్జాతీయ విమానాలకు 2027లో 1 శాతం, 2028లో 2, 2030లో 5 శాతం అని లక్ష్యం పెట్టుకుంది.

పరీక్ష పత్రం

కృత్రిమ జెట్ ఇంధనాలకు ప్రపంచమంతా చూసే ప్రమాణం ఏఎస్‌టీఎం డీ7566. అది 2009లో వచ్చింది. నూనెల దారికి, అంటే రంగంలో హెఫా అనే పద్ధతికి, 2011లో అందులో చోటు దక్కింది. మన దేశంలో ఇలాంటి ప్రమాణమే, ఐఎస్ 17081, 2019లో వచ్చింది.

బయటివాళ్లకు గడ్డకట్టే ఉష్ణోగ్రతే పెద్ద పరీక్షగా కనిపిస్తుంది. నాకు మాత్రం సాంద్రత, ఏరోమాటిక్స్ (బెంజీన్ తరహా వలయాలున్న అణువులు) ఎక్కువ ఆసక్తికరం. హెఫా ఇంధనంలో ఏరోమాటిక్స్ దాదాపు ఉండవు. అందువల్ల మసి తక్కువ, అది మంచిదే. కానీ పాత విమానాల ఇంధన వ్యవస్థలో ఉండే నైట్రైల్ రబ్బరు సీళ్లు ఏరోమాటిక్స్‌లో నానితేనే కొద్దిగా ఉబ్బి బిగుతుగా ఉంటాయి. అవి లేకపోతే సీలు ముడుచుకుని లీకయ్యే ప్రమాదం. అందుకని కలిపిన ఇంధనంలో కనీసం 8 శాతం ఏరోమాటిక్స్ ఉండాలన్నారు, హెఫాను సగానికి మించి కలపవద్దన్నారు. సాంద్రత సంగతీ ఇంతే. జెట్ ఏ-1 ఘనమీటరుకు 775 కిలోలకు తగ్గకూడదు, హెఫా ఒక్కటే అయితే అంతకన్నా తేలిక. కలిపే ఏటీఎఫ్ కూడా తేలికరకం అయితే 50 శాతం అనుమతి ఉన్నా అక్కడిదాకా పోలేం. 2023 నవంబరు 28న వర్జిన్ అట్లాంటిక్ వాళ్లు లండన్ నుంచి న్యూయార్క్‌కు నూరు శాతం ఇలాంటి ఇంధనంతోనే వెళ్లారు. అందులో 88 శాతం హెఫా అయితే, తక్కిన 12 శాతం మొక్కల చక్కెరల నుంచి విడిగా చేసిన ఏరోమాటిక్ కిరోసిన్. లోటు ఎక్కడుందో దాన్నే పూడ్చారు.

ఇక గింజ

2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఒకటి కోటి హెక్టార్లకు పైగా జట్రోఫా వేయవచ్చని లెక్క కట్టింది. ఆ లెక్క బంజరు భూముల విస్తీర్ణాన్ని ఒక ఊహించిన దిగుబడితో గుణించి తెచ్చింది. 2009 జీవ ఇంధన విధానం 2017 నాటికి పెట్రోల్, డీజిల్‌లలో జీవ ఇంధనం 20 శాతం కలపాలంది. బయోడీజిల్ కలిపింది ఒక శాతం కూడా చేరలేదు.

జట్రోఫా బంజరులో బతుకుతుంది, అది నిజం. బతకడం వేరు, కాయడం వేరు. నీరూ ఎరువూ లేనిచోట చెట్టు పచ్చగా ఉంటుంది గానీ గింజ అంతంత మాత్రం. కాయలన్నీ ఒక్కసారి పండవు, మళ్లీ మళ్లీ వెళ్లి చేత్తో ఏరాలి. గింజా పిండీ విషపూరితం, కాబట్టి నూనె తీశాక మిగిలిన చెక్కను పశువులకు పెట్టలేం. చెక్క అమ్ముకుంటేనే నూనెగింజల రైతుకు నాలుగు డబ్బులు మిగులుతాయని మన మిల్లర్లెవరైనా చెబుతారు. మంచి నేల, నీళ్లు ఇస్తే జట్రోఫా కాస్తుంది. ఆ నేల ఉన్న రైతు పత్తో, మొక్కజొన్నో వేసుకుంటాడు. కూలి గిట్టని గింజ ఏరడానికి ఎవరు వెళతారు?

మన దగ్గర కానుగ కథ కొంత భిన్నం. ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడ మహిళా సంఘం 2003లో కానుగ నూనె లెక్క మీద 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన క్రెడిట్లను ప్రపంచ బ్యాంకుకు అమ్మింది. వచ్చింది 645 డాలర్లు. మొత్తం చిన్నదే. కానీ గింజ ఎవరు ఏరతారు, ఎవరు గానుగ ఆడతారు, డబ్బు ఎవరికి చేరుతుంది అన్నవి అక్కడ ముందే తేల్చుకున్నారు. అడవిలో ఉన్న చెట్టు, ఏరే అలవాటున్న మనుషులు, ఊళ్లోనే మిల్లు. జట్రోఫా పథకాల్లో నాకు దొరకనిది ఈ కూర్పే. అయితే పవర్‌గూడల్ని ఎన్ని కలిపినా రిఫైనరీ ఫీడ్ ట్యాంకు నిండదు, అది కూడా ఒప్పుకోవాలి.

వాడిన నూనె వైపు

గింజ దొరకనప్పుడు అందరి చూపూ వాడిన వంట నూనె మీద పడింది. ఆహార భద్రతా సంస్థ 2018లో నిబంధన తెచ్చింది: కాగేకొద్దీ నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వంటకు వాడకూడదు. అలా పక్కన పెట్టిన నూనెను ఇంధనానికి మళ్లించే రూకో పథకమూ అప్పుడే మొదలైంది. ఏడాదికి 220 కోట్ల లీటర్లు సేకరించవచ్చని అప్పట్లో అంచనా.

ఒక సేకరణ సంస్థ నుంచి మాకు వచ్చిన డ్రమ్ముల సంగతి చెబుతాను. మూత తీయగానే వాసనను బట్టే ఏది చికెన్ ఫ్రై నూనె, ఏది చిప్స్ నూనె చెప్పేయవచ్చు. అడుగున శనగపిండి నలకలు, మసాలా, నీటిచుక్కలు. వడకట్టి, ఆరబెట్టి పైలట్‌లోకి పంపాం. కొంత కాలం అంతా సవ్యంగా నడిచింది. తర్వాత గార్డ్ బెడ్ (మలినాలను ముందే పట్టే పొర) మీద ప్రెషర్ డ్రాప్, అంటే పైకీ కిందకీ ఒత్తిడి తేడా, మెల్లగా పెరగడం మొదలైంది, ఆపైన తగ్గలేదు. ఆపి తెరిస్తే పై అంగుళం నల్లటి పెళ్లలా గట్టిపడి ఉంది. క్యాటలిస్టు గుళికలు విడివిడిగా రాలేదు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఊడదీశాం. ల్యాబ్‌లో అందులో ఫాస్ఫరస్, సోడియం కనిపించాయి, వాటిని అంటిపెట్టుకుని కాగి కాగి చిక్కబడిన నూనె జిగురు.

ఫాస్ఫరస్ మొక్కల నూనెల జిగురులోనూ, మాంసంలోనూ ఉంటుంది. క్యాటలిస్టు మీద కూర్చుంటే మళ్లీ లేవదు. సిట్రిక్ లేదా ఫాస్ఫారిక్ ఆమ్లంతో జిగురు తీసి, బ్లీచింగ్ మట్టితో పట్టి లాగాలి. వంట నూనెల రిఫైనరీలో రోజూ చేసే పనే ఇది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఉప్పు. మారినేట్ చేసిన చికెన్ నుంచి ఉప్పు నూనెలోకి దిగుతుంది. నీళ్లతో కడిగితే చాలా మటుకు పోతుంది గానీ, నూనె అణువుకే అతుక్కున్న క్లోరిన్ కడిగితే పోదు. రియాక్టర్‌లో అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. మాంసంలోని ప్రొటీన్ నుంచి వచ్చిన నైట్రోజన్ అక్కడే అమ్మోనియా అవుతుంది. వేడిగా ఉన్నంతసేపు రెండూ గ్యాస్‌గా తిరుగుతాయి. చల్లార్చే గొట్టాల్లోకి రాగానే కలిసి అమ్మోనియం క్లోరైడ్ తెల్లగా పేరుకుంటుంది. గొట్టం మూసుకుపోతుంది, దాని కింద లోహాన్ని తినేస్తుంది. రియాక్టర్ గురించి ఎంత మాట్లాడినా, వాడిన నూనె యూనిట్‌ను ఆపేది చాలాసార్లు ఈ చల్లటి కొసే.

ఒక విషయం మాత్రం మనకు కలిసొస్తుంది. నూనె ఎక్కువ కాగితే విడి కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. బయోడీజిల్ వాళ్లకు అవి సబ్బు కడతాయి కాబట్టి అలాంటి నూనె తిరగ్గొడతారు. మా పద్ధతిలో కొవ్వు ఆమ్లం కూడా అదే గొలుసుగా మారుతుంది. వేడి ఫీడ్ లైన్లకు మామూలు ఉక్కు బదులు స్టెయిన్‌లెస్ వేసుకోవాలి, అంతే.

డ్రమ్ముల తర్వాత నాకు వచ్చిన అసలు సందేహం వేరే. 220 కోట్ల లీటర్లు ఎవరి మూకుడులో ఉన్నాయి? గుంటూరులో సాయంత్రం మిరపకాయ బజ్జీలు వేసే ఒక పెద్దాయన్ని అడిగాను: ‘‘బాబాయ్, రాత్రి బండి కట్టేసేటప్పుడు మిగిలిన నూనె ఏం చేస్తారు?’’

‘‘మిగిలేదేముంది బాబూ, సగం బజ్జీలే తాగేస్తాయి. ఉన్నదాంట్లోనే రేపు కొత్త నూనె పోసుకుంటాం. పారబోస్తే గిట్టుబాటవుద్దా?’’

ఆయన మాట ఇంజనీరింగ్ లెక్కగా కూడా సరైనదే. బజ్జీ, పూరీ, గారె నూనెను మోసుకుపోతాయి. చిన్న మూకుడులో తీసిన కొద్దీ పోస్తూ ఉంటారు, కాబట్టి వదిలేసే నూనె అనేదే ఉండదు. ఇళ్లలో అయితే అప్పడాలు వేయించిన నూనె మర్నాడు పోపులోకి పోతుంది. నూనె నిజంగా పక్కన పెట్టేది పెద్ద హోటళ్లు, ఫ్రైడ్ చికెన్ గొలుసు దుకాణాలు, చిప్స్ ఫ్యాక్టరీలు, క్యాంటీన్లు. అక్కడ కూడా చౌకగా కొనుక్కుని మళ్లీ చిన్న దుకాణాలకు అమ్మేవాళ్లు ముందే కాచుకుని ఉంటారు. జట్రోఫాకు భూమిని గుణించి లెక్క కట్టాం, ఇప్పుడు దేశం మొత్తం వంట నూనె వాడకాన్ని గుణించి కడుతున్నాం. రెండు చోట్లా ‘చేతిలోంచి ఎవరు వదులుతారు’ అన్న ప్రశ్న చివరికి మిగిలిపోయింది.

కార్బన్ లెక్కలో వాడిన నూనెకు అంత గిరాకీ ఎందుకో కూడా చెప్పాలి. అంతర్జాతీయ విమానాలకు వర్తించే కోర్సియా పథకంలో మామూలు జెట్ ఇంధనానికి ఒక మెగాజౌల్‌కు 89 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని ప్రమాణం. వాడిన వంట నూనెతో చేసిన హెఫాకు 13.9. మలేషియా, ఇండోనేషియా పామాయిల్‌తో చేస్తే, మిల్లు వ్యర్థజలాల చెరువు మూత లేకుండా మీథేన్ వదిలితే, అడవి నరికి తోటలు వేయడం లాంటి భూమి మార్పు కూడా కలిపి 99.1. అంటే పెట్రోలియం కన్నా ఎక్కువ. వాడిన నూనెకు తాజా పామాయిల్ కంటే మంచి ధర పలికితే, తాజా నూనెను ఒకసారి కాచి ‘వాడినది’ అని అమ్మాలన్న ఆశ పుట్టడం సహజం. ఐరోపాలో దిగుమతుల మీద ఈ అనుమానం 2023లోనే గట్టిగా వచ్చింది. కాగితంలో ఆదా చూపించి, అసలులో అడవి నరికించే వ్యాపారం ఇది. నాకు ఇందులో రాజీ లేదు. ఏ హోటల్ నుంచి ఏ డ్రమ్ము వచ్చిందో చూపలేని నూనె రియాక్టర్‌లోకి రాకూడదు.

మిగతా దారులు

ఇథనాల్ నుంచి జెట్ చేసే దారి మన దేశానికి సహజంగా తోస్తుంది. డిస్టిలరీలు ఉన్నాయి, పుణె నుంచి ఢిల్లీకి 2023 మే 19న ఎయిర్ ఏషియా ఇండియా విమానం దేశీయంగా చేసిన జెట్ ఇంధనాన్ని కొద్ది శాతంలో కలుపుకుని వెళ్లింది కూడా. కానీ ఇథనాల్ నుంచి నీరు తీసేస్తే బరువులో 61 శాతమే ఇథిలీన్‌గా మిగులుతుంది. ఒక టన్ను జెట్‌కు 2,000 లీటర్ల పైన ఇథనాల్ కావాలి. అది ధాన్యంతో చేసిన ఇథనాల్ అయితే నీళ్ల తగాదా, ఊళ్ల తగాదా తప్పదు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డెక్కి ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆపించారు. ఇంధనం పచ్చనిదని చెప్పి ఆ ఊరివాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం. వరిగడ్డి ఇథనాల్ వైపు నాకు ఆశ ఉంది, కాకపోతే గడ్డి సేకరణ కూడా ఇదే రకం సమస్య. చెత్తను గ్యాస్ చేసి ద్రవం చేసే దారిలో అమెరికాలోని ఫల్క్రమ్ సంస్థ 2024 సెప్టెంబరులో దివాలాకు దరఖాస్తు పెట్టుకుంది.

ఇక్కడ నేనైతే ఎక్కడ మొదలుపెడతాను

ఇండియన్ ఆయిల్ పానీపత్‌లో వాడిన వంట నూనెతో ఏడాదికి 35,000 టన్నుల జెట్ ఇంధనం చేయడానికి 2025లో కోర్సియా ధ్రువీకరణ పొందింది. అంటే రియాక్టర్ వైపు పని జరుగుతోంది. తెలుగు రాష్ట్రాల్లో కొత్తగా రియాక్టర్ కట్టేకంటే ముందు ఫీడ్ ఒకేచోట పోగయ్యే జాగాలు చూడాలి. కాకినాడ, కృష్ణపట్నం వంట నూనెల రిఫైనరీల్లో శుద్ధిలో పక్కకు తీసిన కొవ్వు ఆమ్లాలు (పామ్ ఫ్యాటీ యాసిడ్ డిస్టిలేట్, యాసిడ్ ఆయిల్) రోజూ ట్యాంకుల్లో చేరతాయి, తవుడు నూనె మిల్లుల్లోనూ అంతే. వాటిని ఇప్పటికే సబ్బుల వాళ్లు కొంటున్నారు. మనం లాక్కుంటే వాళ్లు తాజా పామాయిల్ కొంటారు, కాబట్టి అమ్ముడుపోని మిగులు ఎంతో అదొక్కటే లెక్కలోకి తీసుకోవాలి. కోళ్ల కొవ్వు ఇంకో దారి. చికెన్ దుకాణాల వ్యర్థం నిషేధం ఉన్నా చేపల చెరువులకు తరలుతోంది. దాన్ని కరిగించి కొవ్వు తీసే యూనిట్ పెడితే చెరువూ బాగుపడుతుంది, ఫీడూ దొరుకుతుంది. నైట్రోజన్ బాగా ఎక్కువ ఉంటుందని ముందే తెలుసుకుని డిజైన్ చేయాలి.

హోటళ్ల నూనె కొనేటప్పుడు టన్నుకు ఇంత అని ఒకే ధర పెట్టకూడదు. తేమ, కరగని నలకలు, సబ్బు కట్టని భాగం తీసేసి మిగిలిన నూనెకే ధర కట్టాలి. క్లోరైడ్‌కూ ఫాస్ఫరస్‌కూ విడిగా హద్దు పెట్టి, దాటితే ధర తగ్గించాలి, బాగా శుభ్రంగా ఇస్తే పెంచాలి. అలా చేస్తే చికెన్ నూనె, చిప్స్ నూనె వేర్వేరు డ్రమ్ముల్లో పోయడం హోటల్ వంటమనిషి దగ్గరే మొదలవుతుంది. ఉప్పు నూనెను కడిగే ట్యాంకు వేరుగా, శుభ్రమైన నూనె ట్యాంకు వేరుగా పెట్టుకోవచ్చు. ఇప్పుడు మా పైలట్‌లో ఫీడ్ తీసుకునేది ఈ పద్ధతిలోనే.